చెయ్యి అందని చోట నట్టు

బోల్టు బిగించడం మీలో చాలామందికి తెలిసిన పనే. సైకిలు మడ్‌గార్డు వదులై గలగలమంటుంటే ఏం చేస్తారు? ఒక చేత్తో బోల్టు తలను స్పానరుతో కదలకుండా పట్టుకుంటారు. రెండో చేత్తో అవతలివైపు నట్టును తిప్పుతారు. నట్టు బిగుస్తుంది, మోత ఆగిపోతుంది. ఇంత సులువైన పనిలోనూ ఒక షరతు ఉంది. సాధారణంగా మనం దాన్ని గమనించం. అదేమిటంటే, అవతలివైపుకు కూడా మన చెయ్యి అందాలి!

అందకపోతే? అన్నివైపులా మూసి ఉన్న రేకు పెట్టెకు బయట ఒక కొక్కెం బిగించాలనుకోండి. రంధ్రం చేసి బోల్టు దూర్చగలం. కాని లోపలికి నట్టును చేర్చేదెలా? ఎలాగో చేర్చినా, బోల్టు తిప్పుతుంటే నట్టు దానితోపాటే తిరగకుండా పట్టుకునేదెవరు?

ఇలాంటి చోట్ల వాడటానికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయమే రివెట్ నట్టు. అది ఎలా పనిచేస్తుందో, దాన్ని ఎలా ఎంచుకోవాలో, ఎలా బిగించాలో ఒక వింత బండిని ఉదాహరణగా తీసుకుని తెలుసుకుందాం. ఆ బండి రోడ్డు మీద నడవదు, మంచు మీద పరుగెడుతుంది. దాని పేరు స్నోమొబైల్. మనం మంచుబండి అందాం.

మంచుబండి ఎందుకు పుట్టింది?

కెనడా దేశంలో క్విబెక్ రాష్ట్రంలో వాల్కూర్ అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ చలికాలం వచ్చిందంటే రోడ్లన్నీ మంచుతో మూసుకుపోయేవి. ఆ ఊళ్లో జోసఫ్ అర్మాన్ బొంబార్డియే అనే మెకానిక్ ఉండేవాడు. మంచు మీద నడిచే బండి చెయ్యాలని ఆయన చిన్నప్పటినుంచీ ప్రయోగాలు చేస్తుండేవాడు. 1934 చలికాలంలో ఆయన రెండేళ్ల కొడుక్కి అపెండిసైటిస్ జబ్బు చేసింది. మంచు అడ్డం వచ్చి ఆసుపత్రికి చేర్చడం సాధ్యం కాలేదు. పిల్లవాడు చనిపోయాడు. బొంబార్డియే ప్రయోగాలు మానలేదు. పళ్ల చక్రంతో తిరిగే రబ్బరు పట్టా మీద బండిని నడిపించే పద్ధతికి 1937లో పేటెంటు పొందాడు. ఏడుగురు కూర్చునే బండ్లు తయారుచేశాడు. 1959లో ఒకరిద్దరు మాత్రమే ఎక్కే తేలికపాటి బండి ‘స్కీ-డూ’ను బజారులోకి తెచ్చాడు. ఈనాటి మంచుబండ్లు చాలావరకు ఆ పోలికలోనే ఉంటాయి.

బండి ముందువైపు రెండు స్కీలు ఉంటాయి. హ్యాండిల్ తిప్పితే అవి పక్కకు తిరుగుతాయి. సీటు కింద వెడల్పాటి రబ్బరు పట్టా ఉంటుంది. ఇంజను ఆ పట్టాను తిప్పుతుంది. పట్టా మీది గట్లు మంచును వెనక్కు నెడతాయి, బండి ముందుకు పోతుంది. పట్టా పైన బోర్లించిన తొట్టిలాగా ఒక అల్యూమినియం రేకు ఉంటుంది. దీన్ని ‘టన్నెల్’ అంటారు, అంటే సొరంగం. పేరుకు తగ్గట్టే పట్టా దాని లోపలినుంచి తిరుగుతుంది. సీటు, పెట్రోలు ట్యాంకు, వెనక సామాను అన్నీ ఈ సొరంగం మీదే కూర్చుంటాయి.

కెనడా, అలాస్కాల ఉత్తరాన ఉన్న పల్లెల్లో ఇది ఇంటింటి వాహనం. ఉత్తర యూరప్‌లోని లాప్లాండ్‌లో రెయిన్‌డీర్ మందలు కాసేవాళ్లు 1960 దశకంనుంచీ వీటిని వాడుతున్నారు. మన దేశంలో కాశ్మీరులోని గుల్మార్గ్‌లో ఇవి కనిపిస్తాయి. సియాచిన్ హిమానీనదం మీద మన సైనికులు వీటిని మంచు స్కూటర్లు అంటారు.

ఇప్పుడు ఒక మనిషి తన ఊరినుంచి 40 కిలోమీటర్ల దూరంలోని అడవి గుడిసెకు బయలుదేరాడనుకోండి. చలి సున్నాకు దిగువన 30 డిగ్రీలు. తిరుగు ప్రయాణానికి పెట్రోలు డబ్బా, పార, గొడ్డలి, తిండి అన్నీ వెనక చట్రంలో కట్టుకున్నాడు. ఆ చట్రాన్ని సొరంగానికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. దారిలో అవి ఒక్కొక్కటే వదులై రాలిపోతే? పెట్రోలు డబ్బా మంచులో ఎక్కడో పడిపోతుంది. అటువంటి చోట పెట్రోలు లేకపోవడం ప్రాణం మీదికి వచ్చే విషయం. వేలెడంత కూడా లేని ఆ నాలుగు నట్టుల గురించి ఇంత ఆలోచించడం అందుకే.

రేకులోనే మరలు కొడితే చాలదా?

బోల్టు ఒంటి మీద మెలి తిరిగిన గాడి ఉంటుంది కదా, దాన్ని మర అంటాం. వర్క్‌షాపుల్లో ‘థ్రెడ్డు’ అంటారు. నట్టు లోపల కూడా దానికి సరిపోయే మర ఉంటుంది. నట్టు ఎందుకు, రేకు రంధ్రంలోనే మర కోసేస్తే పోలా అని మీకు అనిపించవచ్చు.

లెక్క వేసి చూడండి. 6 మిల్లీమీటర్ల సాధారణ బోల్టును ఒక చుట్టు తిప్పితే అది 1 మి.మీ. ముందుకు పోతుంది. అంటే మరచుట్టుకూ మరచుట్టుకూ మధ్య దూరం 1 మి.మీ. రేకు మందం ఒకటిన్నర మి.మీ. అనుకుంటే అందులో పట్టేది ఒకటిన్నర చుట్టే! మామూలు నట్టు ఎత్తు సుమారు 5 మి.మీ., అంటే అయిదు చుట్లు. అయిదు చుట్లు పంచుకోవలసిన బరువును ఒకటిన్నర చుట్టు మీద, అదీ మెత్తటి అల్యూమినియం మీద పెడితే, మర అరిగి చెరిగిపోతుంది. కాబట్టి రేకు ఎంత పలచనైనా, దాని వెనక అయిదారు చుట్ల మర ఉన్న ముక్క ఒకటి ఉండి తీరాలి.

మరి రివెట్టు వేస్తే? బస్సుల పక్క రేకుల మీద గుండ్రటి బొడిపెలు వరసగా ఉండటం చూసే ఉంటారు. అవి రివెట్లు. రెండు రేకులను కలిపి, రివెట్టు చివర నలిపి గుండు చేస్తే అవి ఇక విడిపోవు. కొన్ని రకాల రివెట్లను ఒకవైపునుంచే వెయ్యవచ్చు. సొరంగం రేకులను కలిపేవి కూడా ఎక్కువగా రివెట్లే. కాని రివెట్టుకు ఒక లోపం ఉంది. దాన్ని ఊడదీయాలంటే డ్రిల్లుతో తొలిచెయ్యాలి. సామాను చట్రాన్ని అవసరమైనప్పుడు తీసి, మళ్లీ పెట్టుకోవాలి కదా!

రివెట్టు లాగా ఒకవైపునుంచే బిగియాలి. నట్టు లాగా బోల్టును ఎన్నిసార్లయినా పట్టుకోవాలి, వదలాలి. ఈ రెండు గుణాలూ ఉన్నదే రివెట్ నట్టు.

నట్టుకు నడుము ఉబ్బితే

రివెట్ నట్టును చేతిలోకి తీసుకుంటే చిన్న టోపీ పెట్టుకున్న గొట్టంలా ఉంటుంది. పైన ఉన్న టోపీ అంచు రంధ్రం కన్నా పెద్దది, కాబట్టి గొట్టం రంధ్రంలోంచి లోపలికి జారిపోదు. గొట్టం కింది సగంలో మర ఉంటుంది, అక్కడ గోడ మందం. పై సగంలో మర ఉండదు, గోడ పలచన. ఉపాయమంతా ఆ పలచటి భాగంలోనే ఉంది.

గొట్టాన్ని రంధ్రంలో పెట్టి, మర ఉన్న కింది భాగాన్ని ఒక కడ్డీతో గట్టిగా పైకి లాగుతారు. టోపీ అంచు రేకుకు ఆని ఉంది కనుక పైకి రాలేదు. మందపాటి కింది భాగం నలగదు. ఇక నలిగేది మధ్యనున్న పలచటి గోడే. అది రేకు వెనకాల నడుము ఉబ్బినట్టు చుట్టూ ఉబికి మడత పడుతుంది. ఆ ఉబ్బు రంధ్రం కన్నా పెద్దది. ఇవతల టోపీ అంచు, అవతల ఉబ్బు, మధ్యలో రేకు. నట్టు ఇక అటూ పోదు, ఇటూ రాదు. మన చెయ్యి అవతలికి పోలేదు గాని, నట్టే అవతల తనకు కావలసిన పట్టును తయారుచేసుకుంది!

ఈ ఉపాయాన్ని 1930 దశకంలో అమెరికాలోని గుడ్రిచ్ అనే రబ్బరు కంపెనీ రూపొందించింది. రబ్బరు కంపెనీకి నట్టుతో పనేమిటి? ఆ రోజుల్లో విమానాల రెక్కల అంచున మంచు పేరుకుని ప్రమాదాలు జరిగేవి. రెక్క అంచున రబ్బరు తొడుగు పెట్టి, దానిలోకి గాలి ఊది ఉబ్బిస్తే మంచు పగిలి రాలిపోతుంది. ఆ తొడుగును రెక్కకు బిగించాలి, రెక్క లోపలికేమో చెయ్యి పోదు. అలా రివెట్ నట్టు పుట్టింది. మంచును వదిలించడానికి పుట్టిన నట్టు ఇప్పుడు మంచు మీద తిరిగే బండికి పనికివస్తున్నది.

ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు

బజారులో రివెట్ నట్లు పదుల రకాలు ఉంటాయి. సరైనది ఎంచుకోవాలంటే నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: రేకు మందం ఎంత? ప్రతి రివెట్ నట్టుకూ ‘పట్టు కొలత’ అనేది ఉంటుంది. ఉదాహరణకు 0.5నుంచి 3 మి.మీ. అని రాసి ఉంటే, అంత మందం రేకుల్లోనే అది సరిగ్గా కూర్చుంటుంది. రేకు అంతకన్నా మందమైతే ఉబ్బడానికి చోటు ఉండదు. అంతకన్నా పలచనైతే ఉబ్బు రేకును తాకకుండా ఎక్కడో దూరాన మిగిలిపోతుంది. అందుకని ముందు రేకు మందాన్ని వెర్నియర్ కాలిపర్స్‌తో కొలవాలి. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి ఉన్నచోట రెండింటి మందమూ కలిపి లెక్క వెయ్యాలి.

రెండో ప్రశ్న: ఏ లోహం? అల్యూమినియం నట్టు తేలిక, సులువుగా నలుగుతుంది, కాని దాని మర త్వరగా చెరుగుతుంది. ఉక్కు నట్టు బలమైనది. స్టెయిన్‌లెస్ స్టీలు నట్టు బలమైనదీ, తుప్పు పట్టనిదీ. అయితే ఎప్పుడూ స్టెయిన్‌లెస్ స్టీలే మేలు అనుకుంటారేమో, తొందరపడకండి. వోల్టా ఘటం గురించి పాఠంలో చదివారు కదా? రెండు వేరువేరు లోహాలు, వాటి మధ్య ఉప్పునీరు ఉంటే విద్యుత్తు పుడుతుంది, ఒక లోహం కరిగిపోతుంది. చలిదేశాల్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచుబండి రోడ్డు దాటినప్పుడూ, కారు వెనక ట్రెయిలరులో ప్రయాణం చేసినప్పుడూ ఆ ఉప్పునీళ్లు దానిమీద చిందుతాయి. అప్పుడు అల్యూమినియం రేకూ, స్టెయిన్‌లెస్ స్టీలు నట్టూ కలిసి చిన్న ఘటం అవుతాయి. కరిగేది అల్యూమినియమే. నట్టు చుట్టూ రేకు తెల్లటి పొడిగా రాలి, రంధ్రం వదులవుతుంది. అల్యూమినియానికి జింకు స్వభావంలో దగ్గరి చుట్టం. అందుచేత జింకు పూత పూసిన ఉక్కు నట్టు అల్యూమినియం రేకుతో సర్దుకుపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలే వాడవలసివస్తే, నీరు చొరకుండా టోపీ అంచు కింద సీలు చేసే జిగురు కాస్త పూస్తారు. ఇంకొక సంగతి. బోల్టూ, నట్టూ రెండూ స్టెయిన్‌లెస్ స్టీలైతే బిగించేటప్పుడు ఒకదాన్నొకటి కరుచుకుని కదలకుండా పోవచ్చు. మరకు తగిన గ్రీజు పూసి బిగించాలి.

మూడో ప్రశ్న: నట్టును తిప్పే బలం ఎంత? బోల్టును బిగించేటప్పుడూ, విప్పేటప్పుడూ నట్టు కూడా తిరగాలని చూస్తుంది. నున్నటి గుండ్రటి నట్టును గుండ్రటి రంధ్రంలో ఆపేది ఘర్షణ ఒక్కటే. అందుకని గొట్టం మీద నిలువుగా సన్నటి గాట్లు పెట్టిన రకం మెరుగు. రంధ్రాన్నీ, నట్టునూ కూడా ఆరుపలకలుగా చేస్తే ఇంకా మెరుగు, పలకలుంటే తిరగడానికి వీల్లేదు. కాని పలచటి రేకులో ఆరుపలకల రంధ్రం కొయ్యడానికి వేరే పనిముట్టు కావాలి.

నాలుగో ప్రశ్న: బిగించేది గట్టి రేకుకా, మెత్తటి వస్తువుకా? ముందు నుంచి వచ్చే చలిగాలిని ఆపడానికి మంచుబండికి పారదర్శకమైన ప్లాస్టిక్ తెర ఉంటుంది. చాలా బండ్లలో దీన్ని పాలీకార్బనేట్‌తో చేస్తారు. ఒక డిగ్రీ వేడి తగ్గితే మీటరు పొడవు పాలీకార్బనేట్ సుమారు 70 మైక్రాన్లు కుదించుకుంటుంది. అల్యూమినియం 23, ఉక్కు 12 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 25 డిగ్రీల వెచ్చటి షెడ్డులోంచి సున్నాకు దిగువన 35 డిగ్రీల చలిలోకి బండి వస్తే తేడా 60 డిగ్రీలు. 60 సెంటీమీటర్ల వెడల్పున్న తెర రెండున్నర మి.మీ. తగ్గుతుంది. అదే పొడవున్న అల్యూమినియం తగ్గేది 0.8 మి.మీ. మాత్రమే. మిగిలిన 1.7 మి.మీ. ఎక్కడికి పోవాలి? గట్టిగా బిగించేస్తే తెర బోల్టు దగ్గర చిట్లుతుంది. అందుకని ఇలాంటి చోట రబ్బరు గొట్టంలో చిన్న ఇత్తడి నట్టు పొదిగిన రకం వాడతారు. బోల్టు తిప్పితే రబ్బరు ఉబ్బి పట్టుకుంటుంది. తెర కుదించుకున్నప్పుడు ఆ రబ్బరే కాస్త వంగి చోటిస్తుంది, ఇంజను అదురును కూడా మింగుతుంది.

చలి దోషమా, అదురు దోషమా?

చలికి లోహాలు కుదించుకుంటాయంటున్నాం. మరి రేకులోని ఉక్కు నట్టు కూడా చలికి వదులైపోదా? ఇదీ లెక్క వేద్దాం. రేకు మందం 2 మి.మీ. అల్యూమినియానికీ ఉక్కుకూ తేడా మీటరుకు, డిగ్రీకి 11 మైక్రాన్లు. 60 డిగ్రీలకు వచ్చే తేడా సుమారు 1.3 మైక్రాన్లు! మన తలవెంట్రుక మందంలో అది ఏ మూలకు? కాబట్టి ఇక్కడ చలిని నిందించి లాభం లేదు.

అసలు శత్రువు అదురు. రెండు స్ట్రోకుల మంచుబండి ఇంజను వేగంగా పోయేటప్పుడు నిమిషానికి 8000 చుట్ల దాకా తిరుగుతుంది. అంటే సెకనుకు 130 పైచిలుకు అదుర్లు. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజనీరు ఒక యంత్రం మీద ప్రయోగాలు చేసి, బోల్టులు వదులయ్యేది ముఖ్యంగా పక్కవాటు జరుగుళ్ల వల్లనే అని చూపించాడు. బిగించిన రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి కొంచెం జారితే, ఆ క్షణంలో మర మీది ఘర్షణ పట్టు సడలుతుంది. ప్రతి జారుకూ బోల్టు ఏ కాస్తో వెనక్కు తిరుగుతుంది. కాబట్టి జారకుండా ఉండేటంత గట్టిగా బిగించడమే మొదటి మందు. మరకు పూసే ప్రత్యేకమైన జిగురు రెండో మందు. అయితే ఊడదీయడానికి వీలుండే రకం జిగురే పుయ్యాలి. మరీ గట్టి జిగురు పూస్తే, రేపు బోల్టు విప్పేటప్పుడు అది కదలదు, దానికి బదులు రివెట్ నట్టే రంధ్రంలో గిర్రున తిరుగుతుంది.

బిగించే పద్ధతి

డ్రిల్లు పని పెద్దవాళ్లు చెయ్యవలసినది. మీరు పక్కన నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, వరస తప్పకుండా జరుగుతోందో లేదో చూడండి.

ముందుగా రేకు వెనక ఏముందో తెలుసుకోవాలి. నీటితో చల్లబడే ఇంజనున్న మంచుబండ్లలో వేడినీళ్ల గొట్టాలు సొరంగం కప్పుకు అతికి ఉంటాయి. పట్టా ఎగజిమ్మే మంచు వాటిని చల్లబరుస్తుంది. వాటికి డ్రిల్లు తగిలిందంటే ఇంజను నీళ్లన్నీ కారిపోతాయి. పెట్రోలు ట్యాంకు, కరెంటు తీగలు కూడా దగ్గరలోనే ఉంటాయి. ఆ తరవాత పట్టా సంగతి. బండి గతుకులో పడినప్పుడు పట్టా సొరంగం కప్పు దగ్గరికి వస్తుంది. రివెట్ నట్టు లోపలికి పొడుచుకుని ఉంటుంది కనుక, పట్టా తాకే చోట అది ఉండరాదు. తాకితే వేగంగా తిరిగే రబ్బరు కోసుకుపోతుంది. అలాంటి చోట బండిని పక్కకు వంచి, కిందినుంచి చెయ్యి పెట్టి, చదును తల బోల్టును లోపలినుంచి దూర్చి, నట్టు పైన బిగించడమే మంచిది. చెయ్యి అందే చోట మామూలు బోల్టు, నట్టు రివెట్ నట్టు కన్నా ఎప్పుడూ బలమైనవే! స్కీలు, హ్యాండిల్, బ్రేకు - వీటిని పట్టి ఉంచే బోల్టుల జోలికి అసలే పోకూడదు.

చోటు నిర్ణయించాక రంధ్రం. ఇక్కడ తప్పు పోతే తరవాతి పనులేవీ దాన్ని సరిదిద్దలేవు. ఎక్కువ రకాల్లో 4 మి.మీ. బోల్టు నట్టుకు 6 మి.మీ., 5కు 7, 6కు 9, 8కి 11 మి.మీ. రంధ్రం కావాలి. కొన్న నట్టు పెట్టె మీద ఏమి రాసి ఉందో అదే ప్రమాణం. రంధ్రం మధ్యబిందువు రేకు అంచుకు మరీ దగ్గరగా ఉండకూడదు, కనీసం రంధ్రం వ్యాసానికి రెట్టింపు దూరం ఉండాలి. పంచితో చిన్న గుంట పెట్టి, ముందు 3 మి.మీ. డ్రిల్లు, ఆ తరవాత పెద్దది వాడాలి. మామూలు డ్రిల్లు పలచటి రేకులో గుండ్రటి రంధ్రానికి బదులు మూడు మూలల రంధ్రం చేస్తుంటుంది. మెట్లు మెట్లుగా లావయ్యే డ్రిల్లుతో చేస్తే గుండ్రంగా వస్తుంది. చివర రంధ్రం అంచున లేచిన పొక్కులను తీసెయ్యాలి. అవి ఉంటే టోపీ అంచు రేకుకు సరిగ్గా ఆనదు.

తరవాత నట్టును నలపడం. దీనికి రెండు పిడుల పనిముట్టు ఉంటుంది. దాని కడ్డీకి నట్టు ఎక్కించి, రంధ్రంలో నిటారుగా పెట్టి, పిడులు దగ్గరికి నొక్కితే కడ్డీ వెనక్కు లాగుతుంది. పనిముట్టు లేకపోతే ఒక పొడుగాటి బోల్టుతోనూ చెయ్యవచ్చు. బోల్టుకు ముందు ఒక మామూలు నట్టు, ఆ కింద ఒక వాషరు, దాని కింద రివెట్ నట్టు ఎక్కించాలి. రివెట్ నట్టును రంధ్రంలో పెట్టి, బోల్టు తలను కదలకుండా పట్టుకుని, మామూలు నట్టును వాషరు మీదికి తిప్పుతూ పోవాలి. అప్పుడు బోల్టు పైకి లేచి రివెట్ నట్టును నలుపుతుంది.

చేతి బలం దానికి చాలుతుందా? 20 సెం.మీ. స్పానరును ఒక చుట్టు తిప్పితే చెయ్యి నడిచే దూరం సుమారు 1260 మి.మీ., బోల్టు కదిలేది 1 మి.మీ. అంటే ఘర్షణే లేకపోతే బలం 1260 రెట్లు పెరగాలి. ఘర్షణ అందులో పది వంతుల్లో తొమ్మిది వంతులు తినేసినా ఇంకా 126 రెట్లు మిగిలాయి. మీరు 5 కిలోల బలంతో నెడితే లోపల 630 కిలోల లాగుడు! మర మీద ఉన్న మహిమ ఇదే.

ఎంతవరకు లాగాలి? తక్కువ లాగితే ఉబ్బు రేకును పట్టదు. ఎక్కువ లాగితే మర తెగుతుంది. ఇది పుస్తకం చూసి వచ్చే విద్య కాదు. అదే మందం ఉన్న చెత్తరేకు ముక్క మీద రెండు మూడు నట్లు ముందుగా బిగించి చూడాలి. చెత్తరేకుకు వెనకవైపు మనకు కనిపిస్తుంది కదా! ఉబ్బు రేకును చుట్టూ సమంగా హత్తుకున్నప్పుడు ఎన్ని చుట్లు తిప్పామో లెక్క పెట్టుకుని, బండి మీద సరిగ్గా అన్నే తిప్పాలి.

చివరగా సామాను చట్రం బిగించేటప్పుడు ఒక జాగ్రత్త. చట్రం పట్టీకి ఉన్న రంధ్రం రివెట్ నట్టు టోపీ అంచు కన్నా చిన్నదై ఉండాలి. అప్పుడు బోల్టు ఎంత బిగించినా పట్టీ, టోపీ అంచు ఒకదానికొకటి ఆనుకుని బలాన్ని మోస్తాయి. పట్టీ రంధ్రం టోపీ కన్నా పెద్దదైతే, బిగించే కొద్దీ బోల్టు నట్టును రేకులోంచి పైకి పీకుతుంది. మనం బిగుస్తోందనుకుంటాం, నిజానికి ఊడుతుంటుంది! అలాంటప్పుడు పట్టీ కింద టోపీకి ఆనేటట్టు ఒక వాషరు వేస్తే సరిపోతుంది.

మొదటి ప్రయాణం అయ్యాక నాలుగు బోల్టులనూ మళ్లీ ఒకసారి చేత్తో తడిమి చూసే అలవాటు మంచుదేశాల వాళ్లకు ఉంటుంది. 40 కిలోమీటర్ల అవతల చూసుకునే కన్నా ఇంటి ముందు చూసుకోవడం మేలు కదా!

మీరే చేసి చూడండి

రివెట్ నట్టు దొరకకపోయినా దాని గుట్టు మీ కళ్లతో చూడవచ్చు. మందపాటి గోడ ఉన్న సన్నటి రబ్బరు గొట్టం ముక్క 2 సెం.మీ., దానిలో పట్టే పొడుగాటి చిన్న బోల్టు ఒకటి, దానికి సరిపడే నట్టు, ఒక వెడల్పు వాషరు తెచ్చుకోండి. బోల్టుకు వాషరు, దాని తరవాత రబ్బరు గొట్టం, చివర నట్టు ఎక్కించండి. ఒక దళసరి అట్టకు నట్టూ, గొట్టమూ దూరేటంత రంధ్రం చెయ్యండి. గొట్టాన్ని అందులో దూర్చండి. వాషరు ఇవతలే ఆగిపోతుంది.

ఇప్పుడు అట్ట వెనక నట్టును వేళ్లతో పట్టుకుని, ముందునుంచి బోల్టును స్క్రూడ్రైవరుతో తిప్పండి. నట్టు దగ్గరికి వస్తుంది, రబ్బరు నడుము ఉబ్బుతుంది. కొన్ని చుట్లు అయ్యాక నట్టును వదిలెయ్యండి. రబ్బరు ఘర్షణే దాన్ని పట్టుకుంటుంది, మీ వేళ్లతో పని ఉండదు. బోల్టు పట్టుకుని అట్టలోంచి లాగి చూడండి, వస్తుందేమో! తరవాత అట్టను రెండు పొరలు, మూడు పొరలు చేసి మళ్లీ చెయ్యండి. అంతే పట్టు రావడానికి ఎన్ని చుట్లు తిప్పవలసివచ్చిందో ప్రతిసారీ రాసుకోండి. మందం పెరిగితే చుట్లు పెరిగాయా, తగ్గాయా? ఎందుకు? జవాబు పైన చదివిన దానిలోనే ఉంది.